అరచేతి దూరదర్శనమున మన భాషకు చోటెక్కడ?

సెల్‌ఫోనులోనికి సిమ్ము లేకుండ, ఇంటర్నెట్టు లేకుండ, ఆకాశము నుండి తిన్నగా దూరదర్శన ప్రసారములను దింపు పద్ధతి యొకటి మన దేశమున రూపొందుచున్నది. దీనిని ఇంగ్లీషు పొడి అక్షరములతో డీ టు ఎమ్ అని పిలుచుచున్నారు. నేరుగా మొబైలునకు అని దాని యర్థము. 2023లో దీని ప్రయోగములు జరిగిన తావులలో మన బెంగుళూరు ఒకటి. ఢిల్లీలోని కర్తవ్యపథము, నోయిడా తక్కినవి. నాటినుండి పత్రికలలో దీనిని గూర్చి వాదోపవాదములు జరిగినవి. ఫోనుల వెల పెరుగునా, టెలికాం కంపెనీల రాబడి తరుగునా, తరంగములు ఎవరి పాలగును, ఇవియే ఆ వాదములలోని ప్రశ్నలు. ప్రసార స్తంభము నుండి వెలువడు మాట ఏ భాషలో ఉండునను ప్రశ్న మాత్రము మా చెవిని బడలేదు. జిగణిలోను, బొమ్మసంద్రలోను, ఆనేకల్ తాలూకా ఊళ్ళలోను స్థిరపడిన తెలుగు కుటుంబములకు అన్నిటికంటె ముందు తోచవలసిన ప్రశ్న అదియే. అందుచేత, సంఘ సంచికలలో పండుగలను, పద్యములను గూర్చి వ్రాయుట వాడుక యయినను, మేము ఈ యెండు విషయము నెత్తుకొనుచున్నాము. పాఠకులు మన్నింతురు గాక.

విషయము బోధపడుటకు చిన్న పోలిక చాలును. నేడు మనము ఫోనులో చూచు ప్రతి బొమ్మయు తపాలా జాబు వంటిది. ఒక వీధిలో నూరు ఇండ్లవారు ఒకే క్రికెట్టు ఆటను చూచుచున్నను, సెల్ టవరు నూరు జాబులు వేరువేరుగ వ్రాసి నూరు గడపలకు చేర్చవలసియున్నది. జాబునకు తపాలా బిళ్ళ ఉన్నట్లే దీనికి డేటా రుసుము ఉన్నది. ప్రసారము అట్టిది కాదు, అది టముకు. టముకువాడు వీధి మొగను నిలిచి ఒకసారి చాటును. విన్నవారు పదిమంది యయినను పదివేలమంది యయినను వాని శ్రమ ఒక్కటే. కొత్త పద్ధతి ఈ టముకును సెల్‌ఫోనుకు వినిపించునది. అందులకు ఫోనులో ప్రత్యేకమైన చిప్పు ఉండవలెను. ప్రసారమునకు 470 నుండి 582 మెగాహెర్ట్జుల వరకు గల తరంగములను కేటాయింపవలెనని అప్పటి కేంద్ర సమాచార ప్రసార శాఖ కార్యదర్శి అపూర్వ చంద్ర 2024 జనవరిలో గట్టిగా పలికిరి. 19 నగరములలో ప్రయోగములు జరుపుదుమనియు ప్రకటించిరి. ఎనిమిదేసి మెగాహెర్ట్జుల చొప్పున విభజించినచో ఆ మేర పదునాలుగు దారులగును. ఒక్కొక్క దారిని పెక్కు కార్యక్రమములు నడువవచ్చును. ఈ లెక్కను పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీనితో మనకు ముందు పని యున్నది.

ఇంకొక సంగతి. కాన్పూరు ఐఐటీవారు, ప్రసార భారతివారు ఈ పద్ధతికి తోడ్పడగా, దీనికి కావలసిన చిప్పులను రూపొందించినది బెంగుళూరున పుట్టిన సాంఖ్య ల్యాబ్స్ అను సంస్థ. దానిని 2022లో తేజస్ నెట్‌వర్క్స్ అను టాటావారి సంస్థ తన చేతిలోనికి తీసికొన్నది. ఆ తేజస్ కార్యాలయము ఎలక్ట్రానిక్ సిటీలో నున్నది. బొమ్మసంద్ర మీదుగా జిగణికి కొలది మైళ్ళ దూరము. మన ముంగిటనే వండిన వంట యిది. వడ్డన వేళ మన విస్తరి ఉన్నదో లేదో చూచుకొనుట ఆశపోతుతన మనిపించుకొనదు.

పరదేశముల వారికి ఇది కొత్త తలంపు కాదు. దక్షిణ కొరియావారు 2005లో, జపానువారు 2006 ఏప్రిలులో ఇట్టి ప్రసారములను చేతిఫోనులకు ప్రారంభించిరి. ఐరోపావారు డీవీబీ-హెచ్ అను ప్రమాణమును ఏర్పరచుకొని, 2008లో దానినే తమ ఉమ్మడి ప్రమాణముగా కైకొనుటకు పూనుకొనిరి, ఫలింపలేదు. ఫిన్లండు తన ప్రసారమును 2012లో ఆపివేసినది. అమెరికాలో క్వాల్‌కామ్‌వారి మీడియాఫ్లో 2007లో తలయెత్తి 2011 మార్చిలో మూతబడినది. దాని తరంగములు 192 కోట్ల డాలర్లకు పైబడి అమ్ముడుపోయినవి. మన దూరదర్శన్ సహితము 2007లో ఢిల్లీలో డీవీబీ-హెచ్ ప్రయోగము చేసి విడిచిపెట్టినది. మరల 2016 ఫిబ్రవరిలో ఇంకొక ప్రమాణముతో బెంగుళూరు మొదలగు 16 నగరములలో ప్రసారము ప్రారంభించినది. ఫోనుకు డాంగిల్ అను చిన్న పరికరమును తగిలించిన గాని అందులో బొమ్మ రాదు. ఆ పరికరమును తగిలించి చూచినవానిని జిగణిలో మేమెన్నడును ఎరుగము.

ఈ చరిత్రను చూపి, డీ టు ఎమ్ కూడ అట్లే చచ్చునని పందెము వేయువారు కలరు. ప్రసారమున్నచోట ఫోనులు లేకపోవుట, ఫోనులున్నచోట ప్రసారము లేకపోవుట, ఈ లోపల ఇంటర్నెట్టు వేగమందుకొని కోరినది కోరిన క్షణమున దొరకుట, ఇవి ఆ పరాజయములకు కారణములు. ఇందు నిజము లేకపోలేదు. 2023లో శామ్‌సంగ్, క్వాల్‌కామ్, నోకియా, ఎరిక్సన్ వంటి సంస్థలు ఈ చిప్పువలన ఒక్కొక్క ఫోనుపై 30 డాలర్ల వరకు భారము పెరుగునని ప్రభుత్వమునకు మొరపెట్టుకొనినవి. 2025లో ముంబయిలో జరిగిన వేవ్స్ సదస్సు నాటికి లావా, హెచ్ఎమ్‌డీ సంస్థలు తక్కువ వెల ఫోనులలోనే ఈ చిప్పును పొదుగుటకు ముందునకు వచ్చినవి. వెలను గూర్చిన వాదము వర్తకుల వాదము. దానిని వర్తకులే తీర్చుకొందురు. మాకు జపాను విషయ మొక్కటి ముఖ్యముగ తోచుచున్నది. 2011 మార్చి 11న అచ్చట భూకంపము, సముద్రపు ఉప్పెన వచ్చినప్పుడు ఫోను మాటలు కలియక జనులు తల్లడిల్లిరి. అట్టి వేళ చేతిఫోనులోని దూరదర్శనము పెక్కుమందికి వార్తను అందించినది. నూరు జాబులు మోయలేక తపాలావాడు కూలబడినప్పుడు టముకు మ్రోగుచునే యున్నది. ఒక్క ఈ కారణము చేతనే ఈ ప్రసారము మన దేశమునకు రాదగినదని మా యభిప్రాయము.

వచ్చినచో ఏమగును? మన తగవు ఇచ్చటనే పుట్టుచున్నది.

జాబు అడిగినవానికి అడిగిన భాషలో వచ్చును. అందుచేతనే నేడు జిగణి పారిశ్రామికవాడలో కూర్చున్నవాడు విజయవాడ వార్తను, కరీంనగరము పాటను ఒక్క వ్రేలి తాకుడుతో రప్పించుకొనుచున్నాడు. కర్ణాటకమున ఉన్నంతమాత్రమున అతని ఫోను అతనికి తెలుగు నిరాకరింపదు. టముకు అట్లు కాదు. అది టముకువాని యజమాని చెప్పిన భాషలో మ్రోగును. స్తంభము ఎవరి గడ్డపై నాటబడినదో వారి ముఖ్యభాష, దానికి తోడు హిందీ, ఇంగ్లీషు; ప్రసార శాఖలవారి చేయి అలవాటు చొప్పున ఈ గీతనే గీయును. దురుద్దేశ మేమియు అక్కరలేదు, అలవాటు చాలును. ఇంటర్నెట్టు చెరిపివేసిన రాష్ట్రపు ఎల్లను ప్రసారము మరల సెల్‌ఫోనులోపల గీయును.

ఇది ఊహ కాదు. మన పెద్దలు ఒకసారి అనుభవించినదే. ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరున మొదలైనది. ఆ మీడియం వేవ్ తరంగములు రాత్రివేళ పై వాతావరణపు పొరలకు తగిలి మరలి వందల మైళ్ళు దాటిపోవును. కనుక పొరుగు రాష్ట్రమున కాపురమున్నవాడు రేడియో ముల్లును మెల్లమెల్లగ త్రిప్పి, గరగరల నడుమ నుండియైనను తెలుగు మాటను పట్టుకొనగలుగుచుండెను. రేడియో అన్నయ్య, అక్కయ్యలని పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలకొరకు నడిపిన ముచ్చటలు తెలుగుదేశపు ఎల్ల దాటి వినబడుటకు ఎవరి అనుమతియు కావలసి రాలేదు. దూరదర్శనము వచ్చి ఈ సౌకర్యమును హరించినది. దాని తరంగములు చూపుమేర పోవునవి. కొండ అడ్డమైనచో ఆగును, భూమి వంపు తిరిగినచో ఆగును. హైదరాబాదు కేంద్రము 1977లోను, బెంగుళూరు కేంద్రము 1981లోను వెలసినవి. హైదరాబాదు బొమ్మ బెంగుళూరునకు అందదు. బెంగుళూరు స్తంభము కన్నడమును, ఢిల్లీ నుండి వచ్చు హిందీని, ఇంగ్లీషును పంచినది. ఆదివారము మధ్యాహ్నమున ప్రాంతీయ భాషాచిత్రముల వరుసలో తెలుగు వంతు ఎన్నడు వచ్చునాయని దినములు లెక్కించిన ఇండ్లు ఎన్ని లేవు! 1995లో జెమిని, ఈటీవీలు ఉపగ్రహము ద్వారా వచ్చి, కేబులువానికి నెలనెల పైకము చెల్లించిన తరువాత గాని ఆ కరవు తీరలేదు. 1981 నుండి 1995 వరకు సరిగా పదునాలుగేండ్లు; రాముని వనవాసమంత.

డీ టు ఎమ్ తరంగములు ఆ చూపుమేర జాతివే. హిందూపురమున, కుప్పమున స్తంభములు నాటినను వాని బొమ్మ జిగణికి రాదు. పొరుగింటి దీపము వెలుగు మన వాకిటను పడునని ఊరకుండుటకు ఈసారి వీలులేదు. మన వాకిట దీపము మనమే అడిగి పెట్టించుకొనవలెను.

మనలో కొందరు వెంటనే అనగల మాట మాకు తెలియును. "మాకు డేటా ఉన్నది, పెద్ద టీవీ ఉన్నది, కావలసిన చానెళ్ళన్నియు ఉన్నవి, ఈ ఉచిత ప్రసారముతో మాకేమి పని?" అని. ఈ మాట అనువారి ఇంటి పనిమనిషిని, వారి కర్మాగారపు కాపలాదారుని అడిగినచో వేరు సమాధానము వచ్చును. జిగణి గ్రానైటు కర్మాగారములకు రాళ్ళు కోయుటకు, బొమ్మసంద్ర యంత్రశాలలకు, చుట్టుపట్ల లేచుచున్న మేడలకు రాయలసీమ జిల్లాల నుండి పనికి వచ్చినవారు మనవారు కారా? 2024 జూలైలో పెద్ద టెలికాం కంపెనీలు మూడును ఒకరి వెనుక నొకరు రుసుములు పెంచినవి. మధ్యతరగతివానికి అది విసుగు. దినకూలికి అది కోత. కొత్త ప్రసారము ఉద్దేశింపబడినదే అట్టివారికొరకు. దేశమున సుమారు 28 కోట్ల గృహములుండగా 19 కోట్ల ఇండ్లలోనే టీవీ ఉన్నదని, తక్కినవారికి ఫోనే దూరదర్శనము కావలెనని అపూర్వ చంద్రయే చెప్పిరి. ఆ తక్కినవారిలోని తెలుగువానికి, ఉచితముగా వచ్చునదంతయు పరభాషలోను, సొంత భాష మాత్రము పైకమునకును దొరకునట్లయినచో, అతని బిడ్డ ఏ భాషలో పెరుగునో చెప్పనక్కరలేదు. కలిమిగలవారి ఇండ్లలోని ముసలమ్మల మాట కూడ కొంచెము తలపోయవలెను. కోడలు, కొడుకు పనికి పోగా, పగలెల్ల చేతిలోని చిన్న తెరతో కాలక్షేపము చేయు ఆమెకు పాస్‌వర్డులు, రీచార్జీలు తెలియవు. మీట నొక్కిన తెలుగు రావలెను. ఆమెకు తెలిసిన సాంకేతిక విద్య అంతమాత్రమే.

ఇక అధికారులు చెప్పబోవు సాకును ముందుగనే ఊహింతము. "తరంగములు పరిమితములు, ఒక్కొక్క రాష్ట్రమున ఇన్నిన్ని భాషలకు చోటెక్కడిది?" అని అందురు. చిన్న తెరపై బొమ్మకు సెకనుకు పదిలక్షల బిట్లు పట్టునని అనుకొందము. మాటకు అరువదినాలుగు వేల బిట్లు మిక్కిలి చాలును. అనగా ఒక బొమ్మ బరువులో ఒక భాష ధ్వని పదునైదవ వంతు. ఈ పద్ధతికి ఆధారమైన ఏటీఎస్‌సీ 3.0 అను ప్రమాణము ఒకే బొమ్మకు పెక్కు భాషల ధ్వనులను జతపరచి పంపుటకు వీలిచ్చుచున్నది. వార్తకు, వైద్య సలహాకు, ఆటకు, పాఠమునకు బొమ్మ ఒక్కటే ఉండి, కన్నడము, తెలుగు, తమిళము, ఉర్దూ ధ్వనులు నాలుగును దాని వెంట నడచినను, నాలుగు బొమ్మల చోటు అక్కరలేదు. చూచువాడు తనకు కావలసిన ధ్వనిని ఎన్నుకొనును. పదునాలుగు దారులలో ఇంత చోటు లేదనువాడు దారులు చూడనివాడైనను కావలెను, మనలను చూడనివాడైనను కావలెను.

అంతేకాదు; ఇది మన దేశమున అర్ధశతాబ్దికి పూర్వమే చేసిచూపిన పని. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము సాయమున మన శాస్త్రజ్ఞులు ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు దూరదర్శన పాఠములు ప్రసరింపజేసిరి. సైట్ అని దానికి పేరు. ఆ ఆరు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటకములు రెండును ఉన్నవి. కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతపు పల్లెలును, రాయచూరు, గుల్బర్గా ప్రాంతపు పల్లెలును ఆ పెట్టె ముందు కూర్చున్నవి. ఆ ఉపగ్రహము ఒక బొమ్మతో పాటు రెండు ధ్వనులను మోయగలుగునట్లు ఏర్పాటు చేయబడినది. ఒకే దృశ్యమును రెండు భాషలవారు ఎవరి భాషలో వారు వినవచ్చును. విద్యుచ్ఛక్తి సరిగా లేని పల్లెలో, పెద్ద వలగిన్నె వంటి ఏంటెన్నా నిలిపి, 1975లో సాధించినది, అరచేతిలో కంప్యూటరున్న ఈనాడు సాధ్యము కాదనుట వినుటకే వింతగ నున్నది.

హక్కు మాట వచ్చినచో మన చేతులు వట్టివి కావు. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు బెంగాలు క్రికెట్టు సంఘపు వ్యాజ్యెమున, ఆకాశ తరంగములు ప్రజల యాస్తి యని తీర్పు చెప్పినది. ఆ ధర్మాసనమున కూర్చుండి విపులముగ వేరు తీర్పు వ్రాసినవారు న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి, తెలుగువారు. 1990 నాటి ప్రసార భారతి చట్టము దేశములోని వివిధ ప్రాంతముల సంస్కృతులకు, భాషలకు తగినంత చోటిచ్చుట ఆ సంస్థ కర్తవ్యములలో నొకటిగ చెప్పుచున్నది. ప్రసారము కేంద్రపు జాబితాలోని విషయము. కనుక రాష్ట్ర ప్రభుత్వముతో మనకు పేచీ లేదు. భాషారాష్ట్రములు ఏర్పడిన 1956లోనే అల్పసంఖ్యాక భాషలవారి రక్షణలను గూర్చి కేంద్రము ఒక పత్రమును వెలువరించినది. ఏడవ రాజ్యాంగ సవరణ ప్రకారము వారికొక ప్రత్యేకాధికారియు 1957 నుండి ఉన్నాడు. ఒక ప్రాంతమున నూటికి పదునైదుగురు ఒక భాషవారున్నచో ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వారి భాషలోను వెలువడవలెనని ఆ రక్షణల యేర్పాటు.

2011 జనగణన ప్రకారము బెంగుళూరు నగర జిల్లాలో తెలుగు మాతృభాషగా వ్రాయించుకొన్నవారు నూటికి సుమారు పదునలుగురు. ఒక్కడు తక్కువ! లక్షల మంది భాషకు ఆ ఒక్క అంకె చాలలేదని ఫైలు మూసివేయు గుమాస్తాను మేము మనోనేత్రమున చూడగలుగుచున్నాము. కాని తాలూకా, పురపాలకము వంటి చిన్న ప్రాంతములను విడిగా లెక్కించుటకును ఆ యేర్పాటున వీలున్నది. అదియునుగాక, కాగితముపై ప్రకటనకు విధించిన కొలతను, ఒక సన్నని ధ్వని దారికి విధించుట ఏ న్యాయము? కాగితము అచ్చు వేయుటకు ఖర్చు కలదు. ఒకసారి పలికిన మాట లక్షమందికి చేరుటకు అదనపు ఖర్చు లేదు. టముకు ధర్మమే అది.

"కర్ణాటకమున ఉండి తెలుగు కోరెదరా?" అను ప్రశ్న ఎదురగును. దీనికి మనము వెనుకాడక సమాధానమీయవలెను. కన్నడము మనకు అన్నము పెట్టు నేల భాష. మన పిల్లలు దానిని బడిలో చదువుచున్నారు, వీధిలో మాటలాడుచున్నారు, చదువనివారున్నచో చదువవలెను. ఆ విషయమున రెండవ మాట లేదు. కాని ఇంటి భాషను కాచుకొన్నవాడు నేల భాషకు ద్రోహి యగునను వాదమును కన్నడ సాహిత్యమే త్రోసిపుచ్చుచున్నది. జ్ఞానపీఠము నందుకొన్న మాస్తి వెంకటేశ అయ్యంగారు ఇంట తమిళము మాటలాడువారు. అదే పీఠము నధిష్ఠించిన బేంద్రేగారి ఇంటి భాష మరాఠీ. వారి కన్నడమున కేమి లోటు వచ్చినది? అదోని, రాయదుర్గము, మడకశిర ప్రాంతములలో కన్నడము మాటలాడు కుటుంబములున్నవి. వారికి అచ్చటి స్తంభము నుండి కన్నడ ధ్వని అందవలెనని ముందుగ అడుగవలసినవారము కూడ మనమే. తాము కోరినదానిని పొరుగువారికి నిరాకరించువారి కోరిక నిలువదు. తమిళులు, ఉర్దూ సోదరులు ఈ విషయమున మనకు పోటీదారులు కారు, తోడు.

ఇంక మనలో మనము అనుకొనవలసిన మాట ఒకటున్నది. అతిథులు చెవులు మూసుకొనవచ్చును. ఉగాదినాడు వేదికపై తెలుగుతల్లికి హారతి యిచ్చి, మెట్లు దిగగనే పిల్లలను ఇంగ్లీషులో మందలించు పెద్దలు మన సంఘములలో తక్కువగ లేరు. జనగణన ఉద్యోగి వచ్చినప్పుడు మాతృభాష గడిలో ఏమి వ్రాసినాడో చూచుకొననివారును కలరు. నూటికి పదునలుగురు పదునేనుగురు కాకపోవుటలో ఆ యుద్యోగి తప్పెంతయో మన అశ్రద్ధ యెంతయో ఎవరు తేల్చగలరు? తెలుగు ధ్వని వచ్చిన తరువాత దానిని వినువారు లేరని లెక్క తేలినచో, దానిని ఆపివేయుటకు ఒక్క సంతకము చాలును.

ఏ తెలుగు రావలెననునది కూడ చెప్పకున్న చిక్కు కలదు. తెలుగు ప్రసారమనగా సినిమా పాటలు, అత్తాకోడండ్ల ధారావాహికలు అని వ్యాపారులు తలతురు. అవి డబ్బుకు ఇప్పటికే పుష్కలముగ దొరకుచున్నవి. వానికొరకు ప్రజల తరంగములను అడుగుట సిగ్గుచేటు. మేము కోరునది వార్త, వైద్యము, పిల్లల పాఠము, పనివారి చట్టములు, అన్నిటికంటె ముందు ఆపద హెచ్చరిక. 2022 సెప్టెంబరులో బెంగుళూరు తూర్పు భాగమున చెరువులు పొంగి, రోడ్లు ఏరులై, మేడలలోనివారిని పడవలపై, ట్రాక్టర్లపై తరలించిరి. అట్టి రాత్రి ఏ వీధి మునుగుచున్నదో, ఏ దారి మూసినారో చెప్పు మాట, నిన్న మొన్న అనంతపురము నుండి వచ్చి రేకుల గుడిసెలో దిగిన కుటుంబమునకు అర్థము కావలెను. కన్నడము నేర్చుకొనుటకు వారికి రెండేండ్లు పట్టవచ్చును. నీరు అంతవరకు ఆగదు.

చేయవలసిన పని పెద్దది కాదు. కొత్త పద్ధతులకు నియమములు కూర్చుటకు ముందు కేంద్ర ప్రభుత్వమును, ట్రాయ్ సంస్థయు ప్రజల అభిప్రాయములను పిలుచుట ఆచారము. ఆ పిలుపులకు కంపెనీలు వందల పుటల సమాధానములు పంపును. భాషా సంఘములు పూలమాలల ఖర్చు లెక్కలు చూచుకొనుచుండును. ఈ యేడు మన సంఘము ఆ వాడుక తప్పవలెనని మా ప్రతిపాదన. జిగణి, బొమ్మసంద్ర, చందాపుర, అత్తిబెలె, ఆనేకల్ ఊళ్ళలో వీధి వీధికి పోయి తెలుగు ఇండ్లను మనమే లెక్కించుకొనవలెను. అద్దె గదులలోనివారిని, కర్మాగారపు వసతులలోనివారిని విడువరాదు. జాబితాలలో వారే తరచుగా తప్పిపోవుదురు. ఆ లెక్కతో ప్రసార భారతికి, సమాచార ప్రసార శాఖకు ఒక వినతి పోవలెను. బెంగుళూరు స్తంభములు మోయు ప్రతి ప్రజోపయోగ కార్యక్రమమునకు కన్నడముతో పాటు తెలుగు, తమిళ, ఉర్దూ ధ్వనులు జతచేయవలెననియు, ఆపద హెచ్చరికలు ఆ భాషలన్నిటిలో వెలువడవలెననియు అందు స్పష్టముగ నుండవలెను. విజయవాడ సప్తగిరి, హైదరాబాదు యాదగిరి చానెళ్ళు ప్రసార భారతి సొంత సొత్తులే కనుక, వానిలో నొకదానికి చోటు అడుగుటయు గొంతెమ్మ కోరిక కానేరదు.

వినతిని మూడు భాషలలో వ్రాయవలెను. మొదటి ప్రతి కన్నడములో నుండవలెను. దానిని ఆనేకల్ శాసనసభ్యునికి, పురసభలవారికి మన పెద్దలు స్వయముగ తీసికొనిపోయి చదివి వినిపింపవలెను. రెండవది తెలుగున, మూడవది ఇంగ్లీషున. సంతకములు చేయుటకు వచ్చువారు ఇంటిలో పెద్దవారిని కూడ వెంటబెట్టుకొని రావలెనని మనవి. వ్రేలిముద్రలకు కూడ కాగితమున చోటు విడిచియుంచెదము.